ముందు గాలా, ముందు రక్తమా? ఛాతీ దెబ్బలో రెండూ చిరిగినప్పుడు ఎంపిక ఎలా

"సార్, కాజ టోల్‌గేట్ దగ్గర యాక్సిడెంట్. బెజవాడ తీసుకెళ్లమంటారా, గుంటూరా?"

రాత్రిపూట ఇలాంటి ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఊరి గురించి కాదు. "మెడ, ఛాతీ ఉబ్బుతున్నాయా? వేలితో నొక్కితే చర్మం కింద చిటపటమంటోందా?" అని అడుగుతాను. అవునంటే గాలి గొట్టం ఎక్కడో చిరిగి, గాలి ఒంట్లోకి పాకుతోందని అనుమానం. "రెండు చేతుల్లో నాడి ఒకేలా తగులుతోందా?" అన్నది రెండో ప్రశ్న. తేడా ఉంటే పెద్ద రక్తనాళం సంగతి చూడాలి. ఆ ఉబ్బు, నాడిలో తేడా రెండూ ఉంటే అది మామూలు పక్కటెముకల కేసు కాదు.

నేను సర్జన్ని కాదు, మత్తు డాక్టర్ని. సర్జన్ ఛాతీ పక్కన నిలబడితే నేను తల దగ్గర ఉంటాను. అక్కణ్నుంచి చూస్తే ఏ ఆపరేషన్ గొప్పది అన్న చర్చ అంత ముఖ్యంగా కనిపించదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే పేషెంటును నిలబెడుతుంది, లేదా పోగొడుతుంది. ఇది హౌస్ సర్జన్ల కోసం, పీజీల కోసం, క్యాజువాలిటీ బయట చేతిలో కన్సెంట్ ఫారం పట్టుకుని ఏమీ అర్థం కాక నిలబడ్డ ఇంటివాళ్ల కోసం రాస్తున్నాను.

రెండూ ఒకేసారి ఎందుకు చిరుగుతాయి

శ్వాసనాళం కుడి ఎడమలకు చీలే చోటును కెరైనా అంటాం. ఛాతీ ముందు నుంచి వెనక్కి ఒక్కసారిగా నొక్కుకుపోతే ఊపిరితిత్తులు రెండూ పక్కలకు జరుగుతాయి, కెరైనా మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే పైన కోత పడకుండా తగిలే మొద్దు దెబ్బల్లో చిరుగులు చాలావరకు దానికి రెండున్నర సెంటీమీటర్ల లోపే కనిపిస్తాయి, అందులోనూ కుడివైపు ఎక్కువ. ఒంట్లో అన్నిటికంటే పెద్ద ధమని అయోర్టాదీ అదే కథ. గుండె నుంచి పైకి లేచి, వంపు తిరిగి, ఎడమ చేతికి వెళ్లే ధమనిని దాటగానే అది ఒకచోట గట్టిగా కట్టేసినట్టు ఉంటుంది. వేగం ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు మిగతా భాగం ముందుకు ఊగుతుంది, ఆ కట్టు దగ్గర గోడ చిరుగుతుంది. ఆ వంపు కిందనుంచే ఎడమ బ్రాంకస్, అంటే శ్వాసనాళపు ఎడమ కొమ్మ వెళ్తుంది. అంటే గాలి గొట్టం, రక్తపు గొట్టం ఒకదానికొకటి ఆనుకుని ఉండే చోటు అది.

1958లో పార్మ్లీ బృందం అయోర్టా తెగినవాళ్ల వివరాలు పరిశీలించినప్పుడు దాదాపు 85 శాతం మంది ఆస్పత్రికి చేరకముందే చనిపోయినట్టు తేలింది. కాబట్టి ప్రాణంతో క్యాజువాలిటీకి వచ్చినవాడిలో అయోర్టా చిరుగు ఉందంటే, దాని పైపొరో చుట్టూ ఉన్న కణజాలమో రక్తాన్ని అప్పటికి ఆపి ఉంచిందన్నమాట. నిర్ణయాలన్నీ ఆ 'అప్పటికి' అన్న మాట చుట్టూనే తిరుగుతాయి.

దగ్గరి ఆస్పత్రా, పెద్ద ఆస్పత్రా

కాజ నుంచి ఒకవైపు మంగళగిరి ఎయిమ్స్, దాటితే వారధి మీదుగా విజయవాడ. ఇంకోవైపు గుంటూరు ప్రభుత్వాస్పత్రి జీజీహెచ్. రెండు నగరాల్లోనూ ప్రైవేటు ఆస్పత్రులకు కొదవ లేదు. కష్టమల్లా ఏ ఆస్పత్రిలో ఆ రాత్రి, ఆ గంటకు, ఎవరున్నారన్నదే. బోర్డు మీద 'ట్రామా సెంటర్' అని ఉన్నంత మాత్రాన బ్రాంకోస్కోపు (గాలి గొట్టంలోకి దించి లోపల చూసే సన్నటి కెమెరా) తెలిసిన మనిషి డ్యూటీలో ఉన్నట్టు కాదు.

నా లెక్క ఇది. ఊపిరి ఆడక పెదాలు నీలంగా మారుతుంటే, బీపీ పడిపోతుంటే, పెద్ద ఆస్పత్రి కోసం వెతకొద్దు. మొదట కనిపించిన క్యాజువాలిటీలో ఆగి ఛాతీలో ట్యూబు వేయించండి. గాలి ఛాతీలో ఒత్తిడిగా చేరి గుండెను నొక్కేస్తుంటే, అంబులెన్సులో గడిచే ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ. పేషెంటు మాట్లాడుతున్నాడు, ఆక్సిజన్ పెడితే ఎనభైల్లో ఉన్న శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) తొంభై అయిదుకు చేరింది, బీపీ నిలకడగా ఉంది అంటే అప్పుడు దారి వేరు. గుండె-ఛాతీ సర్జన్, బ్రాంకోస్కోపీ, సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్), స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్, బ్లడ్ బ్యాంకు, ఈ అయిదూ ఒకే ప్రాంగణంలో ఉన్నచోటికి నేరుగా వెళ్లడం మేలు. స్కాన్‌కు ఒకచోట, స్టెంట్‌కు మరోచోట, రక్తానికి ఇంకోచోట అంటే బెంజ్ సర్కిల్ ట్రాఫిక్కులోనే పేషెంటు జారిపోతాడు.

వెళ్లేముందు ఆ ఆస్పత్రికి ఫోన్ చేసి "కార్డియోథొరాసిక్ సర్జన్ వస్తారా" అని ఒక్క ముక్క అడిగించండి. రిఫర్ చేసే డాక్టరు చేస్తేనే మంచిది, డాక్టరుకు డాక్టరు సూటిగా చెబుతారు.

ఇక్కడొక పాడు అలవాటు గురించి చెప్పాలి. షిఫ్ట్ చేసేటప్పుడు ఛాతీ ట్యూబుకు తగిలించిన సీసా ఒలికిపోతుందని ఆ ట్యూబుకు క్లాంపు వేసేస్తుంటారు. గాలి గొట్టం చిరిగినవాడికి ఆ క్లాంపు ఉరితాడే. లోపల చిరుగు నుంచి గాలి వస్తూనే ఉంటుంది, బయటికి దారి ఉండదు. సీసాను ఛాతీ కంటే కిందుగా, నిలువుగా పట్టుకోండి, ట్యూబు మాత్రం మూయకండి. ఆయాసపడుతున్నాడని ముఖానికి బిగుతుగా మాస్క్ పెట్టి గాలిని ఒత్తిడితో కొట్టడం కూడా ఇలాంటి తప్పే. మామూలు ఆక్సిజన్ మాస్క్ చాలు.

స్కాన్‌లో ఒకటి, గొట్టంలో ఒకటి

ట్యూబు వేసినా ఊపిరితిత్తి విచ్చుకోదు, సీసాలో బుడగలు ఆగవు, రెండో ట్యూబు వేసినా అదే తంతు. అప్పుడు బ్రాంకస్ చిరిగిందని అనుకోవాల్సిందే. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మధ్యలోకి ముడుచుకోకుండా కిందికి, పక్కకు జారి పడినట్టు కనిపిస్తే అనుమానం మరింత బలపడుతుంది. సీటీ యాంజియో రక్తనాళం గురించి దాదాపు అంతా చెప్పేస్తుంది. గాలి గొట్టం విషయంలో మాత్రం సీటీ మీద పూర్తిగా ఆధారపడను. కంటితో చూసేది బ్రాంకోస్కోపీయే. చిరుగు ఎక్కడుంది, ఎంత పొడవు, వెనకవైపు మెత్తటి గోడలోనా, ముందువైపు రింగుల్లోనా, ఇవి తెలియకుండా ఏ పక్క ఛాతీ తెరవాలో సర్జన్ తేల్చుకోలేడు.

ముందు ఏది

పుస్తకం ప్రకారం గాలి దారి, ఊపిరి, రక్తం అన్నది వరస. రెండూ కలిసిన దెబ్బలో అది సరిపోదు. నేను ఇలా విడదీసుకుంటాను.

రక్తం బయటికో ఛాతీలోకో పోతూనే ఉంది, బీపీ నిలవడం లేదు అంటే రక్తాన్ని ఆపడమే మొదటి పని. ఛాతీలో ట్యూబు వేయగానే ఒకటిన్నర లీటరు రక్తం వచ్చినా, ఆ తర్వాత గంటకు రెండు వందల మిల్లీలీటర్ల చొప్పున రెండు మూడు గంటలపాటు వస్తూనే ఉన్నా ఛాతీ తెరవాలన్నది పాత లెక్క, ఇప్పటికీ పనికొచ్చే లెక్కే. ఈలోగా గాలి గొట్టంలోని చిరుగును నేను గొంతులోంచి దించే ట్యూబుతో దాటేసి, మంచి ఊపిరితిత్తికి గాలి అందేలా చూస్తాను. గొట్టం రిపేరు అరగంట ఆగినా ఫరవాలేదు.

అయోర్టా చిరిగినా రక్తం కట్టుబడి ఉంది, గాలి మాత్రం నిలవడం లేదు అంటే వరస తిరగబడుతుంది. ముందు గాలి గొట్టం. అయోర్టాను మందులతో నిదానంగా ఉంచుతాం. పై బీపీ 120 దాటకుండా, గుండె వేగం వందలోపు ఉండేలా ఎస్మోలాల్, లాబెటలాల్ లాంటివి ఇస్తాం.

చెప్పడానికి ఇంత తేలిక. తలకూ దెబ్బ తగిలి ఉంటే మెదడుకు పై బీపీ కనీసం 110 కావాలి, అయోర్టాకు 120 దాటకూడదు. ఆ పది పాయింట్ల సందులో, గొంతులో ట్యూబు దించేటప్పుడు దగ్గు రాకుండా, బీపీ ఎగరకుండా, ఊపిరి ఆగకుండా నడిపించాలి. మా వృత్తిలో ఇంత టెన్షన్ పెట్టే పది నిమిషాలు మరెక్కడా ఉండవని నా అనుభవం.

మత్తు డాక్టర్ ముందున్న మూడు ట్యూబులు

ఇంటివాళ్లు ఈ భాగం వదిలేసినా నష్టం లేదు. పీజీలు మాత్రం చదవండి.

రెండు గొట్టాల ట్యూబుతో ఊపిరితిత్తులను విడివిడిగా నడపొచ్చు. వినడానికి ఇదే సరైనదిగా ఉంటుంది. కానీ అది లావు, బిరుసు. చిరిగిన చోట అది తగిలితే సగం చిరుగు పూర్తి చిరుగవుతుంది. ఒకే గొట్టం ఉన్న మామూలు ట్యూబును బ్రాంకోస్కోపు మీద ఎక్కించి, కంటితో చూస్తూ చిరుగును దాటించి, మంచి వైపు బ్రాంకస్‌లో నిలపడం నాకు ఎక్కువ నచ్చే పద్ధతి. కుడి బ్రాంకస్ చిరిగితే ఎడమలోకి దించడం సాఫీగా సాగుతుంది, ఎందుకంటే ఎడమ బ్రాంకస్ దాదాపు అయిదు సెంటీమీటర్ల పొడవుంటుంది. ఎడమది చిరిగి కుడిలోకి దించాల్సొస్తే జాగ్రత్త. కుడిది పొట్టిది, కాస్త లోపలికి పోయినా పై భాగానికి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఒకవైపు బ్రాంకస్‌ను లోపలినుంచి మూసే బ్రాంకియల్ బ్లాకర్ మూడోది. ట్యూబు ముందే పడి ఉన్నవాడికి ఉపయోగం, చిరుగు కెరైనా మీదే ఉంటే పనికిరాదు.

ఏది వాడినా ట్యూబు చిరుగును దాటేవరకు కండరాలను సడలించి సొంత ఊపిరి ఆపేసే మందు ఇవ్వను. పేషెంటు సొంతంగా ఊపిరి తీస్తున్నంతసేపు గాలి లోపలికి లాగబడుతుంది. మందిచ్చి బ్యాగ్‌తో నొక్కితే అదే గాలి చిరుగులోంచి బయటికి తోసుకుపోతుంది. కత్తిపోటు లాంటి దెబ్బల్లో ఇంకో ప్రమాదం ఉంది. బ్రాంకస్, పక్కనే ఉన్న ఊపిరితిత్తి సిర రెండూ తెగితే, ఒత్తిడితో కొట్టిన గాలి సిరలోకి, అక్కణ్నుంచి గుండె ఎడమవైపుకి, మెదడుకి పోతుంది. ట్యూబు వేసి బ్యాగ్ నొక్కగానే గుండె ఆగిపోయిందంటే దీన్ని గుర్తు చేసుకోవాలి.

ఇవేవీ నిలవకపోతే ఎక్మో. సిరల నుంచి రక్తం తీసి, ఆక్సిజన్ ఎక్కించి సిరలోకే పంపే యంత్రం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ లేకుండానే కొన్ని గంటలు నడపొచ్చు, రక్తస్రావం ఉన్నవాడికి అదే పెద్ద వరం. గుండె-ఊపిరితిత్తుల యంత్రానికైతే హెపారిన్ నిండా ఇవ్వాలి. తలలో రక్తం ఉన్నవాడికి అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

అయోర్టాకు స్టెంటా, కోతా

2011లో అమెరికా వాస్కులర్ (రక్తనాళాల) సర్జన్ల సంఘం ఈ అయోర్టా చిరుగులను నాలుగు గ్రేడులుగా విడదీసింది. లోపొర మాత్రమే చిరిగితే ఒకటి, గోడలో రక్తం గడ్డకడితే రెండు, బయటికి బుడగలా ఉబ్బితే మూడు, పూర్తిగా పగిలితే నాలుగు. మొదటి గ్రేడుకు మందులు, మళ్లీ సీటీ చాలు, చాలామందిలో దానంతట అదే మానుతుంది. మూడూ నాలుగులకు రిపేరు తప్పదు. రెండో గ్రేడు దగ్గరే డాక్టర్ల మధ్య వాదన.

రిపేరు రెండు రకాలు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి గుడ్డ తొడిగిన స్టెంట్‌ను పైకి పంపి చిరుగును లోపలినుంచి కప్పేయడం ఒకటి, దాన్ని టీవార్ అంటారు. ఎడమ ఛాతీ తెరిచి, అయోర్టాను బిగించి, చిరిగిన ముక్క తీసి కృత్రిమ గొట్టం కుట్టడం రెండోది. పాతపద్ధతిలో బిగింపు సమయంలో వెన్నుపాముకు రక్తం అందక కాళ్లు పడిపోయే ప్రమాదం ఉండేది. కింది భాగానికి పంపుతో రక్తం అందిస్తే అది బాగా తగ్గింది, టీవార్‌తో ఇంకా తగ్గింది. 2015లో అమెరికా ట్రామా సర్జన్ల సంఘం ఈస్ట్ ఇచ్చిన మార్గదర్శకాలు టీవార్‌నే ముందుంచాయి. ప్రాణం మీదికి వచ్చే ఇతర గాయాలు ఉంటే వాటిని చూసుకుని, బీపీ అదుపులో పెట్టి, రిపేరు కొంచెం ఆలస్యంగా చేయమని కూడా చెప్పాయి.

గాలి గొట్టం కూడా చిరిగినవాడి విషయంలో నేను టీవార్ వైపే మొగ్గుతాను. కారణం కాళ్లు ఒక్కటే కాదు. కెరైనా, కుడి బ్రాంకస్, శ్వాసనాళం కింది సగం, ఎడమ బ్రాంకస్ మొదలు, ఇవన్నీ కుడి ఛాతీలోంచే బాగా అందుతాయి. ఎడమవైపునుంచి వెళ్తే అయోర్టా వంపు అడ్డంగా ఉంటుంది. అయోర్టా చిరుగేమో ఎడమవైపు. స్టెంట్లు లేని రోజుల్లో ఒకే మనిషికి రెండు పక్కలా ఛాతీ కోయాలి, ఒకవైపు కుడుతున్నప్పుడు రెండోది ఏమవుతుందోనని వణకాలి. ఇప్పుడు పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి తొడలోంచి స్టెంట్ వేసి, అదే మత్తులో పక్కకు తిప్పి కుడి ఛాతీ తెరవొచ్చు. హెపారిన్ కొద్దిగా సరిపోతుంది, అవసరమైతే మానేయొచ్చు కూడా. కృత్రిమ గుడ్డ గాలి తగిలే గాయంలో బయటపడి ఉండదు కాబట్టి ఇన్ఫెక్షన్ భయమూ తక్కువ.

కోతే మేలనిపించే సందర్భాలు లేకపోలేదు. ఎడమ బ్రాంకస్ చివరి భాగం, అయోర్టా రెండూ చిరిగితే ఒకే ఎడమ కోతలో రెండూ అందుతాయి. చిరుగు మెడకు వెళ్లే ధమనుల దగ్గరికి పాకి, స్టెంట్ అంచు ఆనడానికి రెండు సెంటీమీటర్ల మంచి గోడ లేకపోయినా కోతే. సరైన సైజు స్టెంట్ ఊళ్లో లేదు, తెల్లారితేగానీ రాదు అన్నప్పుడు పగిలిన అయోర్టాతో ఎదురుచూడలేం. కుర్రాళ్ల అయోర్టా సన్నగా ఉంటుంది, వాళ్లకు సరిపోయే సైజు చేతిలో ఉండకపోవడం అరుదేమీ కాదు.

ఇదంతా అయోర్టా కిందికి దిగే చోటు గురించి. కుడిచేతికి, మెడకు వెళ్లే ఇన్నామినేట్ ధమని శ్వాసనాళానికి సరిగ్గా ముందునుంచి పోతుంది. ఆ రెండూ కలిసి తెగితే రొమ్ము ఎముకను మధ్యగా కోసి వెళ్తారు, స్టెంట్ మాట అక్కడ తక్కువ.

గాలి గొట్టాన్ని కుట్టాలా, వదిలేయాలా

చిన్న చిరుగు, చుట్టుకొలతలో మూడో వంతు దాటలేదు, ఛాతీలో ట్యూబు వేయగానే ఊపిరితిత్తి విచ్చుకుంది, గాలి కారడం ఆగింది అంటే కుట్టకుండా గమనించడం తప్పు కాదు. "ఏమీ చేయట్లేదేంటి" అని ఇంటివాళ్లు కంగారు పడతారు. రోజూ ఎక్స్‌రే, మళ్లీ బ్రాంకోస్కోపీ చేస్తున్నంతవరకు అది కూడా చికిత్సే. మిగతావాటిని కుట్టాలి. నలిగిన అంచులు కత్తిరించి, కరిగిపోయే దారంతో, ముడులు బయటివైపు ఉండేలా చివరకు చివర కలుపుతారు.

ఊపిరితిత్తి మొత్తం తీసేయడాన్ని ఆఖరి దారిగానే చూడండి. దెబ్బ తగిలిన రోజున ఆ ఆపరేషన్ చేసినవాళ్లలో సగానికి పైగా బతకరు. అవసరమైనంత ముక్కే తీయడం, రక్తం ఆపి ఛాతీని సర్ది మర్నాడు మళ్లీ తెరవడం, ఇవన్నీ దానికంటే నయం.

కుట్టాక ఒక పని మాత్రం మరిచిపోకూడదు. గాలి గొట్టం కుట్టుకూ రక్తనాళం కుట్టుకూ మధ్య పక్కటెముకల కండరాన్నో, గుండెపొర కొవ్వునో, మెడ కండరాన్నో తెచ్చి అడ్డం పెట్టాలి. లేకపోతే రెండు కుట్లూ ఒకదానికొకటి ఆనుకుని, ఇన్ఫెక్షన్ వచ్చి, కొన్ని రోజులకో వారాలకో రక్తనాళం గాలి గొట్టంలోకి తెరుచుకుంటుంది. మొదట దగ్గులో ఒక చెంచా రక్తం పడుతుంది. ఆ చెంచాను "గొంతు పుండు" అని కొట్టిపారేస్తే తర్వాత వచ్చేదాన్ని ఎవరూ ఆపలేరు. ఇదే కారణంగా రక్తనాళపు కుట్టు దగ్గర ట్రకియాస్టమీ (మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి పెట్టే గొట్టం) పెట్టకుండా వీలైనంతవరకు చూస్తాం. వెంటిలేటర్ నుంచి కూడా తొందరగా తప్పిస్తాం. ఒత్తిడి గాలి కుట్టుకు మంచిది కాదు.

డబ్బు సంగతి

స్టెంట్‌కే లక్షలు అవుతాయి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు 2025 మే 5న నోటిఫై అయిన కేంద్ర నగదురహిత పథకం కింద ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా చికిత్స ఉంది. ఈ స్థాయి కేసుకు అది సరిపోదు గానీ మొదటి రాత్రి గట్టెక్కిస్తుంది. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డున్నవాళ్లు హెల్ప్ డెస్కులో "స్టెంట్ ఇందులోకి వస్తుందా" అని విడిగా అడగండి. ఆపరేషన్ వస్తుందన్నారంటే పరికరం కూడా వచ్చినట్టేనని అనుకోవద్దు. డబ్బు లేదని రోడ్డు మీద పడినవాడిని ఎత్తకుండా పోవాల్సిన పని అసలే లేదు. సాయం చేసినవాళ్లకు 2019 మోటారు వాహనాల చట్ట సవరణ రక్షణ కల్పించింది.

ఇంటికొచ్చాక

బ్రాంకస్ కుట్టు మానుతూ బిగుసుకుపోవచ్చు. నెల రెండు నెలలకు ఈలలాంటి ఊపిరి, తగ్గని దగ్గు, ఒకవైపు మళ్లీ మళ్లీ నిమ్ము వస్తుంటే ఆస్తమా మందులతో కాలం గడపకుండా బ్రాంకోస్కోపీ చేయించండి. మొదటిరోజు ఎవరూ గుర్తించని చిరుగులు కూడా ఇలాగే బయటపడతాయి. వాటిని నెలల తర్వాత కుట్టినా ఊపిరితిత్తి తిరిగి పనిచేసిన సందర్భాలున్నాయి.

టీవార్ అయినవాళ్లు సీటీకి పిలిచినప్పుడల్లా వెళ్లాలి. మొదటి ఏడాదిలోనే కాదు, ఆ తర్వాత కూడా. స్టెంట్ వేసేటప్పుడు ఎడమ చేతికి వెళ్లే ధమనిని కప్పారా లేదా అన్నది డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. కప్పి ఉంటే ఎడమ చేతిలో బీపీ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. అది తెలియని క్లినిక్‌లో "మీ బీపీ బ్రహ్మాండంగా ఉంది" అని మాత్రలు ఆపేస్తారు. బీపీ కుడిచేతికే చూడమని చెప్పండి.